ఆకురాలు కాలంలో నగర యాత్ర: పెట్టెలో ఏ బట్టలు పెట్టుకోవాలి?

ఈసారి మా శీర్షికకు వచ్చిన ఉత్తరాలలో చాలా భాగం ప్రయాణపు బట్టల గురించినవే. ఆకురాలు కాలంలో ఏదో ఒక నగరం చూడబోతున్నవారు పెట్టె తెరిచి, ఏది లోపల పెట్టాలో, ఏది బీరువాలో ఉంచేయాలో తేల్చుకోలేకపోతున్నారు. మండు వేసవికైనా, మంచు కురిసే కాలానికైనా సర్దుకోవడం నిజానికి సులభం. ఆ రెండింటికీ నడుమ ఉన్న ఈ కాలమే మనిషిని తికమక పెడుతుంది. ఒకే సందేహాన్ని పలువురు అడిగినచోట వాటిని కలిపి, ఎంపిక చేసిన ప్రశ్నలకు ఇక్కడ జవాబులిస్తున్నాము.

ప్రశ్న: అక్టోబరు మధ్యలో ఆరు రోజులు ఒక పెద్ద నగరంలో గడపబోతున్నాను. ఆ రోజుల్లో కనిష్ఠ ఉష్ణోగ్రత 7 డిగ్రీలు, గరిష్ఠం 17 డిగ్రీలు ఉంటుందని వాతావరణ సూచనలో చూశాను. 17 డిగ్రీలకు తగినట్లు సర్దుకుంటే ఉదయం వణకాలి, 7 డిగ్రీలకు తగినట్లు సర్దుకుంటే మధ్యాహ్నం చెమటలు కక్కాలి. ఈ రెండింటిలో దేనికి సిద్ధపడి వెళ్లాలి? నా దగ్గర ఉన్నది మధ్యరకం పెట్టె ఒక్కటే.

జవాబు: ఆ రెండు అంకెల మధ్యనున్న పది డిగ్రీల తేడాకు సిద్ధపడి వెళ్లండి. రాత్రంతా నేల వేడిని కోల్పోతూ ఉంటుంది కనుక సూర్యోదయమైన కాసేపటి వరకు చలి ఎక్కువగా ఉంటుంది. మధ్యాహ్నం రెండు, మూడు గంటల ప్రాంతంలో ఉష్ణోగ్రత గరిష్ఠానికి చేరి, పొద్దు వాలేసరికి మళ్లీ పడిపోతుంది. ఆకాశం నిర్మలంగా ఉన్న రోజున ఈ తేడా ఎక్కువ, మబ్బు కమ్మిన రోజున తక్కువ. అలాగే సముద్రతీర నగరంలో తక్కువ, తీరానికి దూరంగా ఉన్న నగరంలో ఎక్కువ. కనిష్ఠం 11, గరిష్ఠం 14 ఉన్న ఊరికి ఒక మాదిరి స్వెటరూ, పైన ఒక వానకోటూ ఉంటే రోజంతా గడిచిపోతుంది. మీరు వెళ్లే ఊరి సగటు కూడా దాదాపు అంతే, కానీ అక్కడ ఆ జత ఉదయం చాలదు, మధ్యాహ్నం ఎక్కువవుతుంది.

నగరంలో దీనికి మరో తేడా తోడవుతుంది. చలిదేశాల్లో దుకాణాలు, మ్యూజియాలు, భోజనశాలలు, రైలు పెట్టెలు వెచ్చగా ఉంచుతారు. లోపల 20, 22 డిగ్రీలు ఉండటం మామూలు విషయం. కొండల్లో నడిచేవాడు ఉదయం వేసుకున్న కోటును మధ్యాహ్నం విప్పి సంచిలో పెట్టుకుంటే సరిపోతుంది కానీ, ఊరు చూసేవాడు గంటకోసారి లోపలికీ బయటికీ తిరుగుతూనే ఉంటాడు. అందుకే ఒకే ఒక దళసరి స్వెటరు మీద ఆధారపడటం నగరానికి పనికిరాదు. దాన్ని వేసుకుంటే మ్యూజియంలో ఉక్కపోత, విప్పితే కింద నలుగురిలో తిరగడానికి తగిన చొక్కా ఉండదు. తలమీదుగా తొడుక్కునే స్వెటరు కన్నా ముందువైపు గుండీలో జిప్పో ఉన్నది మేలని మేము చెప్పేది కూడా ఇందుకే. విప్పనక్కరలేకుండా, తెరిస్తే చాలు.

బట్ట వెచ్చగా ఉండటానికి కారణం దాని పోగుల మధ్య, పొరల మధ్య కదలకుండా నిలిచిపోయే గాలి. అందువల్ల రెండు పలుచటి బట్టలు ఒకదానిమీద ఒకటి వేసుకుంటే, అంతే బరువున్న ఒక మందపాటి బట్ట ఇచ్చే వెచ్చదనానికి అవి దాదాపు సాటి వస్తాయి, పైగా వాటిని విడదీయవచ్చు. ఒంటికి ఆనుకుని చెమటను పీల్చే పలుచటి పొర, దానిమీద వెచ్చదనాన్నిచ్చే స్వెటరు లేదా ఫ్లీస్ (బొచ్చులా మెత్తగా ఉండే కృత్రిమ వెచ్చటి బట్ట), అన్నింటికీ పైన గాలినీ వాననూ ఆపే కోటు లేదా జర్కిన్: ఈ మూడూ ఉంటే 7 నుంచి 17 డిగ్రీల వరకు ఏ గంటకు తగిన కూర్పు ఆ గంటకు దొరుకుతుంది. ఇక్కడ ఒక షరతు ఉంది. పై పొర లోపలి పొరలన్నింటి మీద సులువుగా పట్టాలి. బిగుతుగా ఉంటే మధ్యనున్న గాలి అణిగిపోయి, మూడు పొరలు వేసుకున్నా చలి వేస్తుంది. సర్దడానికి ముందు ఇంట్లో అన్నింటినీ ఒకేసారి తొడుక్కుని, చేతులు పైకెత్తి, కిందికి వంగి చూసుకోండి. చంకల దగ్గర పట్టేసే కోటును అక్కడితో పక్కన పెట్టేయవచ్చు.

గాలిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఎత్తయిన భవనాల మధ్య వీధుల్లోనూ, నది మీది వంతెనల పైనా గాలి వేగం పుంజుకుంటుంది. 2001 నుంచి అమెరికా, కెనడా వాతావరణ శాఖలు వాడుతున్న సూత్రం ప్రకారం, ఉష్ణోగ్రత 10 డిగ్రీలు ఉండి గాలి గంటకు 30 కిలోమీటర్ల వేగంతో వీస్తే ఒంటికి అది సుమారు 7 డిగ్రీల చలిలా అనిపిస్తుంది. 5 డిగ్రీల దగ్గర అదే గాలి వీస్తే దాదాపు సున్నాలా అనిపిస్తుంది. ఉన్ని స్వెటరు ఎంత మందంగా ఉన్నా దాని అల్లికలోంచి గాలి దూసుకువస్తుంది. పైన గాలి చొరని పలుచటి జర్కిన్ ఒకటి ఉంటే, మరో స్వెటరు మోసుకువెళ్లే అవసరం చాలామటుకు తీరిపోతుంది.

ఇక మీ ఆరు రోజుల లెక్క. ఒంటికి ఆనే చొక్కాలు నాలుగు, పలుచటి స్వెటరు ఒకటి, కాస్త మందమైన స్వెటరు లేదా ఫ్లీస్ ఒకటి, ఒంటిమీద ఉన్నదానితో కలిపి ప్యాంట్లు రెండు, పై కోటు ఒకటి, లోపలి బట్టలూ మేజోళ్లూ ఐదేసి జతలు, ఒక జత రాత్రి దుస్తులు. ఇంతకు మించి అవసరం ఉండదు. ప్యాంట్లు రెండూ ముదురు రంగులోనివైతే ఏ చొక్కా అయినా వాటిమీద నప్పుతుంది; ఒకే ఒక చొక్కాతో తప్ప దేనితోనూ కుదరని ప్యాంటును, అది ఎంత ముచ్చటైనదైనా, వదిలేయండి. మఫ్లర్ మాత్రం మరచిపోవద్దు. బరువుతో పోల్చి చూస్తే దానంత పని చేసే వస్తువు మరొకటి లేదని మా అభిప్రాయం. మెడ దగ్గర తెరిచి ఉన్న కోటు సందును అది మూస్తుంది, అక్కర్లేనప్పుడు సంచిలో ఒక మూల ఒదిగిపోతుంది, రైల్లో కునుకు తీస్తే తలకింద పనికొస్తుంది. ఉన్ని టోపీ, పలుచటి చేతి తొడుగులు కోటు జేబుల్లోనే ఉంచుకోండి. 7 డిగ్రీల ఉదయాన గొడుగో ఫోనో పట్టుకుని పావుగంట నిలబడితే వాటి అవసరం తెలుస్తుంది.

ప్రశ్న: నేను చిన్నప్పటి నుంచీ నూలు బట్టలే కడతాను. ఉన్ని ఒంటికి తగిలితే దురద, కృత్రిమ బట్ట కడితే చెమట వాసన. చలికాలం ఇంకా పూర్తిగా రాని ఊరికి వెళ్లేటప్పుడు కూడా నూలు వదులుకోక తప్పదా?

జవాబు: పూర్తిగా వదులుకోనక్కరలేదు. పొడిగా ఉన్నంతసేపు నూలు మంచి బట్టే; బయటి చొక్కాగా, రాత్రి దుస్తులుగా నిశ్చింతగా వాడండి. చిక్కు అంతా చెమటతో వస్తుంది. నూలు చెమటను పీల్చుకుంటుంది కానీ తొందరగా వదలదు. వేగంగా నడిచి, మెట్లెక్కి, ఆ తడిసిన బనియన్‌తోనే చల్లటి గాలిలో నిలబడితే ఒంట్లో వేడి పోతుంది, ఎందుకంటే నిశ్చలమైన గాలితో పోలిస్తే నీరు వేడిని ఇరవై రెట్లకు పైగా ఎక్కువగా ప్రసరింపజేస్తుంది. కాబట్టి ఒంటికి ఆనే ఒక్క పొరను మార్చుకుంటే చాలు.

దురద గురించి మీరు రాసింది చాలామంది అనుభవమే. అయితే దానికి కారణం ఉన్ని అనే పదార్థం కన్నా దాని పోగు లావు. సుమారు 30 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు) కన్నా లావుగా ఉన్న పోగు కొసలు చర్మాన్ని గుచ్చుతాయి. లోపలి బట్టలకు వాడే మెరీనో జాతి గొర్రెల సన్నటి ఉన్ని పోగు 17 నుంచి 19 మైక్రాన్లే ఉంటుంది కనుక, అది ఒంటిమీద వంగిపోతుంది తప్ప గుచ్చదు. కొనేటప్పుడు చీటీ మీద ఆ అంకె ఉందేమో చూడండి, లేకపోతే మెడకు లోపలివైపు కాసేపు ఆనించి చూడండి. అరచేతికి మెత్తగా తోచింది మెడకు గరుకుగా తగలవచ్చు.

గదిలో ఉండే సాధారణ తేమకే, అంటే 65 శాతం తేమ ఉన్న గాలిలో, ఉన్ని తన బరువులో దాదాపు 16 శాతం నీటిని తనలో దాచుకుంటుంది. నూలు సుమారు 8 శాతం, పాలియెస్టర్ అర శాతం కన్నా తక్కువ. ఉన్ని ఆ తేమను పోగు లోపల ఇముడ్చుకోవడం వల్ల పైకి తడిగా అనిపించదు, వాసన కూడా తొందరగా పట్టదు. రాత్రి గాలికి ఆరేస్తే మర్నాడు మళ్లీ వేసుకోవచ్చు. పాలియెస్టర్ త్వరగా ఆరుతుంది కానీ మీరన్న వాసన సమస్య దానికి ఉన్న మాట నిజమే. ఉన్ని అస్సలు పడకపోతే పట్టు బనియన్ కానీ, నూలూ పాలియెస్టరూ కలిపి నేసింది కానీ వాడవచ్చు. జీన్స్ ప్యాంటు కూడా నూలేనని గుర్తుంచుకోండి. వానలో తడిసిందంటే చల్లటి గదిలో తెల్లారేసరికి కూడా నడుము దగ్గర, జేబుల దగ్గర ఆరదు. ఉన్న రెండు ప్యాంట్లూ జీన్స్ కాకుండా చూసుకోండి.

ప్రశ్న: పై కోటు ఒక్కటే తీసుకువెళ్లగలను. ఉన్నితో చేసిన పొడవాటి కోటు, ఈకలు నింపిన ఉబ్బు జర్కిన్, వానకోటు, ఈ మూడూ నా దగ్గర ఉన్నాయి. వాన పడవచ్చు, పడకపోవచ్చు. ఏది తీసుకువెళ్లమంటారు?

జవాబు: వాన పడవచ్చునన్న మాట మీరే రాశారు కనుక వానకోటు తీసుకువెళ్లండి. వెచ్చదనాన్ని లోపలి పొరలతో పెంచుకోవచ్చు. వాన ఆపడం మాత్రం పై పొర ఒక్కటే చేయగల పని. ఈకల జర్కిన్ బరువు తక్కువ, వెచ్చదనం ఎక్కువ, పిడికిట్లో పట్టేంతగా అణుగుతుంది కూడా. కానీ తడిస్తే లోపలి ఈకలు ముద్దకట్టి, గాలిని పట్టి ఉంచే గుణాన్ని పోగొట్టుకుంటాయి, ఆరడానికి చాలా సమయం పడుతుంది. పలుచటిది ఉంటే స్వెటరుకు బదులుగా వానకోటు కింద వేసుకోండి, అప్పుడది చక్కగా పనికొస్తుంది. ఉన్ని కోటు చిన్న తుంపరను తట్టుకుంటుంది, చూడటానికీ హుందాగా ఉంటుంది; కానీ జోరువానలో నీరు పీల్చి బరువెక్కుతుంది, ఒక్క రాత్రిలో ఆరదు.

వానకోట్లన్నీ ఒకటి కావు. దగ్గరగా నేసిన బట్టతోనే వాన నుంచి కాపాడుకోవచ్చని 1879లో గ్యాబర్డీన్ అనే బట్టను రూపొందించిన థామస్ బర్బెరీ నిరూపించాడు. పోగులను నేతకు ముందే నీరు పట్టని విధంగా సిద్ధం చేసి, బిగువుగా నేయించడమే ఆయన చేసిన పని. మోకాళ్ల దాకా వచ్చే అలాంటి కోటు ఈనాటికీ నగరాల్లో అందరికీ నప్పుతుంది, కాసేపటి వానను ఆపుతుంది. గంటల తరబడి కురిసే వానకు మాత్రం లోపల పొర అతికించిన జర్కిన్ కావాలి. 1969లో బాబ్ గోర్ ఒక రకం ప్లాస్టిక్‌ను వేగంగా సాగదీసి తయారుచేసిన పొర ఇలాంటివాటికి మూలం. దాని రంధ్రాలు నీటిబొట్టుకు దారి ఇవ్వనంత చిన్నవి, చెమట ఆవిరి బయటకు పోగలిగేంత పెద్దవి.

మీ కోటు చీటీ మీద మిల్లీమీటర్లలో ఒక అంకె ఉంటే, అది ఆ బట్ట ఎంత ఎత్తు నీటి ఒత్తిడిని ఆపగలదో చెబుతుంది. 5,000 ఉంటే మామూలు వానకు సరిపోతుంది, 10,000 ఉంటే ఇంకా నిశ్చింత. అంకె ఎంత పెద్దదైనా, కుట్ల మీద లోపలివైపు పట్టీ అతికించి లేకపోతే నీరు సూది రంధ్రాల గుండా భుజాల దగ్గర దిగుతుంది. కోటును తిరగేసి ఆ పట్టీ ఉందో లేదో చూసుకోండి. టోపీ కోటుకే కుట్టి ఉంటే మంచిది, ఎందుకంటే గాలివానలో మడత గొడుగు తిరగబడుతుంది. అయినా చిన్న గొడుగు ఒకటి పెట్టుకోండి. గాలి లేని వానలో, ముఖ్యంగా కళ్లద్దాలు పెట్టుకునేవారికి, కోటు టోపీ కన్నా గొడుగే సుఖం.

ప్రశ్న: ఎన్ని జతల బూట్లు తీసుకువెళ్లాలి? పెట్టెలో సగం చోటు అవే తినేస్తున్నాయి.

జవాబు: రెండు జతలు. బరువైనదాన్ని ప్రయాణంలో కాళ్లకు తొడుక్కుని, రెండోదాన్ని పెట్టెలో పెట్టండి. ఒక్కటే చాలదా అని అడుగుతారేమో. తడిసిన బూటు మర్నాటికి ఆరకపోతే యాత్ర గదిలోనే గడిచిపోతుంది, పైగా రోజూ ఒకే జతతో నడిస్తే ఒకేచోట ఒత్తిడి పడి బొబ్బలు లేస్తాయి. మూడో జత మాత్రం ఎవరికీ అక్కర్లేదు.

ఊరు చూడటమంటే నడకే. కనుక కొత్త బూట్లతో బయలుదేరవద్దు; కొన్నవాటిని ముందే కొన్ని వారాలపాటు ఇంటా బయటా తొడిగి మెత్తబరచండి. చలిలో వేసుకునే మందపాటి మేజోళ్లతోనే వాటిని కొలత చూసుకోవాలి. పలుచటి మేజోళ్లకు సరిపోయిన బూటు మందపాటివాటితో వేళ్లను నొక్కి, రక్తప్రసారం తగ్గించి, కాలిని ఇంకా చల్లబరుస్తుంది. అడుగు భాగం నునుపుగా ఉన్న తోలు చెప్పులు, బూట్లు ఈ కాలంలో ప్రమాదం. రాళ్లు పరిచిన వీధిలో తడిసిన ఆకుల మీద అడుగు వేస్తే జారిపోతుంది. గాళ్లున్న రబ్బరు అడుగు ఎంచుకోండి. తోలు బూట్లయితే బయలుదేరే రెండు రోజుల ముందు మైనం పట్టించండి.

తడిసిన బూట్లను హీటరుకు ఆనించి పెట్టవద్దు, తోలు బిరుసెక్కి పగులుతుంది. లోపల పాత కాగితాలు ఉండచుట్టి కుక్కి, అవి తడవగానే మార్చుతూ ఉంటే తెల్లారేసరికి చాలావరకు పొడిబారతాయి. పెట్టెలో పెట్టే బూట్ల కడుపులో మేజోళ్లు చుట్టి పెడితే మీరన్న చోటు సమస్య కొంత తీరుతుంది.

ప్రశ్న: నా విమాన టికెట్టులో చెక్-ఇన్ సామాను లేదు, చేతిలో 7 కిలోలు మాత్రమే తీసుకువెళ్లనిస్తారు. చలి బట్టలతో ఇది సాధ్యమేనా? లోపలి గాలిని లాగేసి బట్టలను అణిచే సంచులు కొంటే సర్దుబాటు అవుతుందా?

జవాబు: సాధ్యమే. ఆ సంచులు బట్టల ఉబ్బును తగ్గిస్తాయి కానీ బరువును ఒక్క గ్రాము కూడా తగ్గించవు. మీకున్న కట్టడి బరువు మీద కనుక, అవి మేలు చేయకపోగా, చోటు మిగిలింది కదా అని మరో నాలుగు బట్టలు కుక్కేలా చేస్తాయి. ఉబ్బు జర్కిన్‌కు తప్ప దేనికీ వాడవద్దు.

మొదట ఖాళీ పెట్టెను తూచండి. చక్రాలున్న పెట్టె రెండు, రెండున్నర కిలోలు ఉంటుంది, అంటే అనుమతించిన బరువులో మూడోవంతు అదే మింగేస్తుంది. మెత్తటి సంచి కిలోకు అటూ ఇటూగా ఉంటుంది. మీరు బరువు మోయగలిగితే సంచి మేలు. తరువాత బట్టల్ని ఒక్కొక్కటిగా వంటింటి తక్కెడ మీద పెట్టి చూడండి. జీన్స్ ప్యాంటు అర కిలో పైనే తూగుతుంది, సన్నటి ఉన్ని స్వెటరు దాదాపు 300 గ్రాములే. మందపాటి కోటు, బరువైన బూట్లు, స్వెటరు, మఫ్లర్ ఒంటిమీదే ఉండాలి. ధరించిన కోటును సాధారణంగా తూకంలో కలపరు. నాలుగు చొక్కాలకు ముప్పావు కిలో, రెండో ప్యాంటుకు అర కిలో, రెండో స్వెటరుకు మూడో వంతు కిలో, లోపలి బట్టలూ మేజోళ్లూ రాత్రి దుస్తులూ కలిసి ఒక కిలో, తేలికపాటి రెండో జత బూట్లకు ముప్పావు కిలో, సబ్బూ బ్రష్షూ మందులకు అర కిలో వేసుకుంటే మొత్తం నాలుగు కిలోల లోపే. చేతి సామానులో ద్రవపదార్థాల సీసాలు ఒక్కొక్కటి 100 మిల్లీలీటర్లు దాటకూడదన్న నియమం చాలా విమానాశ్రయాల్లో ఉంది కనుక, బట్టలుతికే ద్రవానికి బదులు చిన్న సబ్బు బిళ్ల పెట్టుకోండి.

మడవాలా, చుట్టాలా అని మరికొందరు అడిగారు. చొక్కాలు, లోపలి బట్టలు చుట్టండి. స్వెటర్లు, కాలరున్నవి మడవండి. బరువైనవి చక్రాల వైపు ఉంటే పెట్టె నిలబెట్టినప్పుడు తూలదు. ఇంతకన్నా ఈ విషయం మీద చెప్పదగింది లేదు. ఎన్ని పద్ధతుల్లో మడిచినా, ‘ఎందుకైనా మంచిది’ అంటూ చివరి గంటలో వచ్చి చేరే బట్టలే పెట్టెను ముంచుతాయి. వాటిలో ప్రతిదానికీ ఏ రోజున, ఏ పూట వేసుకుంటారో చెప్పగలిగితేనే లోపల పెట్టండి.

ప్రశ్న: ఏప్రిల్ చివర్లో దక్షిణార్ధగోళంలోని ఒక నగరానికి వెళ్తున్నాము. అప్పటికి వసంతం కదా, స్వెటర్లు అవసరమా?

జవాబు: అవసరమే. అక్కడ మార్చి నుంచి మే వరకు ఆకురాలు కాలం, ఏప్రిల్ చివరికి అది సగం దాటిపోయి ఉంటుంది. పైన చెప్పినవన్నీ మీకూ వర్తిస్తాయి.

ప్రశ్న: వాతావరణ సూచనను ఎన్ని రోజుల ముందు నమ్మవచ్చు? నెల ముందే చూసి కొనుక్కున్న బట్టలు అక్కడికి వెళ్లాక ఎందుకూ కొరగాలేదు.

జవాబు: నెల ముందు చూడవలసింది సూచన కాదు, ఆ నెలలో ఆ ఊరికి సాధారణంగా ఉండే సగటు కనిష్ఠ, గరిష్ఠాలూ, వాన పడే రోజుల సంఖ్యా. కొనుగోళ్లన్నీ దాన్నిబట్టి చేయండి. ఐదు రోజుల ముందు వచ్చే సూచనను బాగానే నమ్మవచ్చు, పది రోజులు దాటినది ఊహకు దగ్గర. కాబట్టి బయలుదేరే ముందురోజు సూచన చూసి, మందపాటి స్వెటరు పెట్టాలా తీసేయాలా, అన్నంత మేరకే నిర్ణయం మార్చుకోండి.

ఒక విషయం సూచనలో కనిపించదు, అది వెలుతురు. సెప్టెంబరు 22, 23 తేదీల్లో పగలూ రాత్రీ దాదాపు సమానంగా ఉండి, ఆ తరువాత ఉత్తరార్ధగోళంలో పగలు తగ్గుతూ పోతుంది. 50 డిగ్రీల అక్షాంశం దగ్గర ఆ రోజుల్లో ఈ తగ్గుదల రోజుకు మూడు, నాలుగు నిమిషాలు. నెల గడిచేసరికి దాదాపు రెండు గంటలు. దీనికితోడు ఐరోపాలో చాలా దేశాలు అక్టోబరు చివరి ఆదివారంనాడు, అమెరికా, కెనడాల్లో చాలాచోట్ల నవంబరు మొదటి ఆదివారంనాడు గడియారాన్ని ఒక గంట వెనక్కి జరుపుతారు. ఆ రోజు నుంచే సాయంత్రం గంట ముందే చీకటి పడుతుంది, దానితోపాటే చలీ వస్తుంది. ఎండలో తిరుగుతున్నాం కదా అని కోటును గదిలో వదిలి వెళ్లినవారు, సాయంత్రపు కార్యక్రమం ఏదైనా ఉంటే, దానికోసం వెనక్కి రావలసి వస్తుంది. ముదురు రంగు బట్టలతో చీకటి వీధులు దాటేవారు లేత రంగు మఫ్లరో టోపీయో వేసుకుంటే బండివాళ్లకు కనిపిస్తారు.

ప్రశ్న: యాత్రలో ఒక సాయంత్రం సంగీత కచేరీకి వెళ్లాలి. దానికి విడిగా ఒక జత పెట్టుకోవాలా?

జవాబు: విడిగా జత అక్కర్లేదు. ముదురు ప్యాంటు లేదా పొడవాటి స్కర్టు, ముడతలు పడని మంచి చొక్కా ఒకటి, దానిమీద సన్నటి స్వెటరు సరిపోతాయి. కోటును సాధారణంగా లోపలికి వెళ్లేముందు అప్పగిస్తారు కనుక దాని తీరును ఎవరూ పట్టించుకోరు. బూట్లను మాత్రం తుడుచుకుని వెళ్లండి.

ప్రశ్న: డెబ్బై దాటిన మా నాన్నగారిని, ఐదేళ్ల మా పాపను కూడా తీసుకువెళ్తున్నాము. వారి బట్టల్లో ఏమైనా తేడా ఉండాలా?

జవాబు: ఉండాలి, ఇద్దరికీ వేరువేరుగా. వయసు పైబడినవారికి చలి వేస్తున్న సంగతి ఆలస్యంగా తెలుస్తుంది, ఒంట్లో వేడి పుట్టడమూ తక్కువ. మీకు చలి లేదని వారికీ లేదనుకోవద్దు. మీరు రెండు పొరల్లో ఉన్నచోట వారికి మూడు పొరలు వేయండి, ప్యాంటు కింద థర్మల్ (ఒంటికి ఆనే వెచ్చటి లోపలి దుస్తు) వేసుకోమనండి. పొరలు విప్పడం, తొడగడం వారికి శ్రమ కాకుండా పెద్ద గుండీలు, సులువుగా జరిగే జిప్పులు ఉన్నవి ఎంచండి. బూట్లకు తాళ్లకన్నా అంటుకునే పట్టీలు నయం.

పాప సంగతి దీనికి భిన్నం. పరుగెత్తినంతసేపు చెమట పోస్తుంది, తోపుడుబండిలో కూర్చోగానే చల్లబడుతుంది. మెడ వెనక చేయి పెట్టి చూడండి. తడిగా ఉంటే ఒక పొర తీయండి, చల్లగా ఉంటే ఒకటి వేయండి. చేతివేళ్లను చూసి తీర్మానించవద్దు, అవి ఎప్పుడూ చల్లగానే ఉంటాయి. పెద్దలకు చెప్పిన పొదుపు పిల్లలకు వర్తించదు. ప్యాంట్లూ మేజోళ్లూ ఇంకో రెండు జతలు ఎక్కువ పెట్టండి, ఒక జత రోజూ మీ చేతిసంచిలో ఉండాలి. చేతి తొడుగులను ఒక తాడుతో కలిపి కోటు చేతుల గుండా లాగి ఉంచితే పోవు. మఫ్లరు బదులు మెడకు తొడిగే ఉన్ని గొట్టం వాడండి, ఆటల్లో దేనికీ చిక్కుకోదు.

ప్రశ్న: తక్కువ బట్టలు పెట్టుకోమంటారు, మరి గదిలో ఉతికితే చలికి ఆరుతాయా?

జవాబు: ఉతికే పద్ధతినిబట్టి ఆరుతాయి. లోపలి బట్టలు, మేజోళ్లు, పలుచటి చొక్కాలు సాయంత్రం గదికి రాగానే ఉతికి, పిండిన తరువాత పొడి తువ్వాలు మీద పరిచి, తువ్వాలుతో సహా గట్టిగా చుట్టి, దానిమీద మోకాలితో నొక్కండి. చేతితో పిండినప్పుడు వదలని నీరు తువ్వాలులోకి పోతుంది. ఆ తరువాత గాలి ఆడేచోట, ఒకదానికొకటి తగలకుండా ఆరేస్తే ఉన్నివీ, పాలియెస్టరువీ ఉదయానికి ఆరతాయి, నూలువి ఆరకపోవచ్చు. ఉన్ని స్వెటరును వేలాడదీయకండి, నీటి బరువుకు సాగిపోతుంది, పరిచి ఆరబెట్టాలి. అసలు స్వెటర్లను యాత్రలో ఉతకవలసిన పని లేదు, కిటికీ దగ్గర రాత్రంతా పరిస్తే చాలు. గది వెచ్చగా ఉండి, గాలి పొడిగా ఉంటే, ఆరే బట్టల తేమ గాలిలో కలుస్తుంది కనుక ఈ ఉతుకుడు మీ గొంతుకూ మంచిదే. తిరుగు ప్రయాణానికి ముందు రాత్రి మాత్రం ఏమీ ఉతకవద్దు. తడి మిగిలిన ఒక్క మేజోడు మూసిన పెట్టెలోని బట్టలన్నింటికీ ముక్క వాసన పట్టిస్తుంది.